అక్క అరచేతి కింద నా కాలు

నా చిన్నప్పుడు పరుగెత్తే రైల్లోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాను. ఆమదాలవలసలో మా ఇంటికి పట్టాలు దగ్గర కాబట్టి ఈ మాట నమ్మనివాళ్ళు తక్కువ. పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చెప్పాను. ఈ వయసులో ఇంకా దాచి ఏం లాభం? అది రైలు కాదు, ధాన్యం బస్తాలతో మిల్లు ముందు ఆగి ఉన్న ఎడ్లబండి. ఎడ్లని కూడా విప్పేశారు. బస్తాల మీద నుంచి దూకాను, ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. నొప్పి మాత్రం రైలంతే ఉంది.

మిషనాసుపత్రిలో పాదం నుంచి తొడ సగం దాకా పిండికట్టు వేశారు. డాక్టరమ్మ కాలు కదపొద్దని ఒకటికి నాలుగుసార్లు చెప్పి ఇంటికి పంపింది.

కదలకుండా ఉండటం నాకు చేతనైన పని కాదు. అన్నం తినేటప్పుడు కూడా మోకాలు ఊగుతూనే ఉండేది. అలాంటివాణ్ణి అరుగు మీద నులకమంచంలో పడుకోబెట్టారు. కట్టు లోపల ఒకటే దురద. కొబ్బరి ఈనె దూర్చి గోక్కునేవాణ్ణి, ఈనె లాక్కుంటే వీధంతా వినపడేలా అరిచేవాణ్ణి. దారిన పోయేవాళ్ళని ఆపి ఎక్కడికని అడిగేవాణ్ణి, చెప్పకపోతే చింతపిక్కలు విసిరేవాణ్ణి. మా కోడిపెట్ట అరుగు వైపు రావటమే మానేసింది. సాయంత్రం ఎదురుగా ఖాళీ జాగాలో పిల్లలు చెడుగుడు మొదలుపెడితే గోడ వైపు తిరిగి పడుకుందామనిపించేది. ఆ కట్టుతో అటు తిరగడం కూడా కుదిరేది కాదు.

మా అమ్మ దిగులు వేరు. మా వీధి చివర ఒకాయన ఉండేవాడు. చిన్నతనంలో ఆయనకీ ఇలాగే కాలు విరిగితే, ఎముక అతుక్కుంది గాని కట్టు లోపల కండంతా ఎండిపోయిందట. ఆయన వస్తుంటే ముందు ఒక అడుగు చప్పుడు, వెనకాలే మట్టి మీద ఈడ్పు చప్పుడు వినపడేవి. ఆ ఈడ్పు వినగానే అమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి నా కట్టు మీద చెయ్యి వేసేది. ఎందుకో నాకు అర్థమయ్యేది. నేను చేసిన అల్లరిలో సగం ఆ భయానిదే.

పక్కింటి అక్క ఆ ఆసుపత్రిలోనే నర్సు పని నేర్చుకునేది. ఆదివారం తెల్లచీరతో చర్చికి, మిగతా రోజులు అదే తెల్లచీరతో ఆసుపత్రికి వెళ్ళేది. మనిషి ఎంత సన్నమంటే, గాలి వేస్తే పొందూరు నూలుపోగులా ఎగిరిపోతుందని నేనే ప్రచారం చేశాను. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే ఆమె వీపుకీ ఒక చింతపిక్క తగిలించాను. ఆమె తిన్నగా వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"ఒరే గుంటడా, బలం ఎక్కువైపోనాదేటి నీకు?"

"నీకంటే ఎక్కువే."

"అయితే ఈ కాలు లేపు సూద్దాం. నా సెయ్యి లేస్తే నువ్వు గెలిసినట్టు."

అని కట్టు మీద, మోకాలికి కాస్త పైన అరచెయ్యి ఆనించింది. నేను పళ్ళు బిగించి లేపబోయాను. కాలు లేవలేదు. ఊపిరి బిగపట్టి మళ్ళీ లేపబోయాను. లేవలేదు. నుదుటి మీద చెమట పట్టాక, "వదిలీరా, రేపు సూసుకుందాం" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రేపు కోసం నేను పొద్దున్నించీ ఎదురుచూశాను. అప్పటి నుంచి రోజూ అదే పోటీ. ఆమెని ఓడించడానికి నేను రెండు ముద్దలు ఎక్కువ తినడం మొదలుపెట్టాను. జానెడు ఎత్తు లేపానని చెడుగుడు పిల్లలకి చెప్పాను. గోరంత కూడా లేపలేదు. చిత్రమేమిటంటే, నాకు ఒంట్లో బాగున్న రోజు ఆమె చెయ్యి బరువుగా ఉండేది, నీరసంగా ఉన్న రోజు తేలికగా ఉండేది. ఎప్పుడూ నా కాలు లేచేది కాదు, ఎప్పుడూ ఆమె చెయ్యి నన్ను అణిచేది కాదు. మా ఇద్దరి బలం సరిసమానమని, ఇవాళో రేపో నేనే గెలుస్తానని నా నమ్మకం.

ఒకరోజు అమ్మ చూసేసింది.

"ఏటే పిల్లా, కదపొద్దని డాక్టరమ్మ సెప్పలేదేటి? నా కొడుకు కాలు ఏటి సేద్దామని?"

"కదిలిందేటి పిన్నీ? ఇటొచ్చి సెయ్యి పెట్టు" అంది అక్క. అమ్మ వేళ్ళు పట్టుకుని, కట్టు ఆగిపోయిన చోట నా తొడ మీద పెట్టింది. "ఇప్పుడు లేపరా."

నేను బిగించాను. కట్టు ఉన్నచోటే ఉంది. అమ్మ మాత్రం వేళ్ళు తియ్యలేదు. "లోపల రాయిలాగ గట్టిపడతన్నాదే" అంది చాలా నెమ్మదిగా. అక్క ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఏం చెప్పిందో అమ్మ నాకు నా పెళ్ళయ్యాక గాని చెప్పలేదు. ఎముక కదలకూడదు గాని కండ పడుకోకూడదనీ, డాక్టరమ్మని అడిగే చేయిస్తున్నాననీ, కసరత్తని తెలిస్తే ఈ గుంటడు మానేస్తాడు కాబట్టి నోరెత్తొద్దనీ చెప్పిందట. ఆ మర్నాటి నుంచి మా పోటీ జరిగేంతసేపూ అమ్మ గుమ్మంలో కూర్చుని, ఏరేసిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతూ ఉండేది.

అక్క నాతో చేయించిన పనికి ఒక పేరుందని నాకు ఈమధ్యే తెలిసింది. విజయనగరంలో మోకాలికి ఆపరేషనయ్యాక ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి, కాలు కదపకుండా కండ బిగించమని చెప్పి, దాన్ని ఐసోమెట్రిక్ అంటారంది. మంచంలో ఊరికే ఉండలేక ఆ మాట పట్టుకుని అందరినీ వేధించాను. పాలిటెక్నిక్ చదివే మా మనవరాలు, "అది బొమ్మ గీసే పద్ధతి తాతా" అని ఒక పెట్టె గీసి చూపించింది. ఆ బొమ్మలో దూరంగా ఉన్న అంచు చిన్నదైపోదు, దగ్గరున్నదెంతో దూరందీ అంతే. ఫోన్లో వెతికితే ఉప్పుగల్లుకీ అదే మాట వాడతారని వచ్చింది, మూడు వైపులా ఒకే కొలత కాబట్టి. కండ విషయంలో, ఎంత బిగించినా దాని పొడవు మారదు కాబట్టి ఆ పేరట. అన్నింటి అడుగునా ఉన్నది సమానమైన కొలతే. ప్రతిదాన్నీ పెంచి చెప్పే నాలాంటివాడికి ఆ బొమ్మ కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. ఆనాటి అక్క చెయ్యి మాత్రం ఇంత దూరం నుంచి చూసినా చిన్నది కాలేదు.

కట్టు కోసిన రోజు నా కాలు చూసి ఏడ్చాను. తెల్లగా, సన్నగా, ఎవరిదో కాలు తెచ్చి అతికించినట్టుంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ లేపమంది. నాకు ధైర్యం చాలలేదు. గోడ దగ్గర నిలబడ్డ అక్క వచ్చి, ఎప్పటిలాగే మోకాలి పైన అరచెయ్యి పెట్టింది.

"ఏటి సూస్తన్నావు? లేపు."

లేపాను. కాలు లేచింది. దానితోపాటే అక్క చెయ్యీ లేచింది.

"గెలిసావురా" అంది.

ఆ వార్డులో మంచాలన్నింటికీ వినపడేలా నేను గెలిచానని అరిచాను. అమ్మ కిందే కూర్చుండిపోయింది. కొన్నాళ్ళు కర్రతో, తరవాత కర్ర లేకుండా తిన్నగా నడిచాను. జిల్లా జట్టులో చెడుగుడు ఆడాను. లేదు లెండి, మా వీధి జట్టులోనే, అదీ మనిషి తక్కువైనప్పుడు.

నేనే గెలిచానని చాలా ఏళ్ళు నమ్మాను. నాకు పిల్లలు పుట్టాక ఆలోచిస్తే, ఆ రోజు ఆ అరచేతిలో బరువే లేదని తోచింది. అన్నాళ్ళూ నాకెంత బలముందో చూసి అంతే నొక్కింది, చాలనుకున్న రోజున తీసేసింది. అంత కొలత నాకు పట్టుబడలేదు. సగంసార్లు ఎదుటివాళ్ళని అణిచేశాను, సగంసార్లు తొందరపడి వదిలేశాను.

పోయిన నెల మా మనవరాలు చదువు అవగానే విశాఖలో పని చూసుకుంటానంటే వద్దన్నాను. మర్నాడు ఇంకో కారణం తెచ్చింది, ఇంకోలా వద్దన్నాను. రోజురోజుకీ దాని మాట గట్టిపడుతుంటే వింటూ, నేనూ అంతే గట్టిగా కాదంటూ వచ్చాను. నిన్న అది నా ముందు నిలబడి, ఎక్కడుంటుందో, ఏం తింటుందో, నాకు జ్వరమొస్తే ఎంతసేపట్లో వస్తుందో తడుముకోకుండా చెప్పింది. సరే వెళ్ళమన్నాను. తాతని ఓడించానని ఫోన్లో స్నేహితులందరికీ చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.