మాట్లాడకూడని బల్ల

మూడో మలుపు తిరిగేసరికి వెండెల్ బ్రేకు తొక్కాడు. గడ్డిమోపుల లారీ మంచు మీద ఓ పక్కకి జారి, ఎలాగో నిలబడింది. ఎదురుగా రోడ్డు మధ్యలో ఓ ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్ల. వెనకాల వాళ్ళ బండి కాలవలోకి ముక్కు దించుకుని పడుంది.

"ఆర్విడ్ మాస్టారూ! ఈ వయసులో మంచులో షికారేంటండీ?"

"పళ్ళికిలించింది చాలు. అడవి బాట మొదలు దాకా పోనియ్. డేల్ వేటకెళ్ళాడు."

డేల్ ఆయన అల్లుడు, ఈ పిల్ల మార్నీ తండ్రి. వేటల నెలలో వేటకెళ్ళడం వింతేమీ కాదు. కానీ మాస్టారి గొంతు వినగానే వెండెల్ నవ్వు మానేసి, ఇద్దర్నీ ఎక్కించుకుని గేరు వేశాడు.

ఆర్విడ్ బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ముప్పయ్యేళ్ళు కలప మిల్లులో రంపం పట్టి, రెండు వేళ్ళు దానికే అప్పగించి వచ్చినవాడు. మోంటానాలోని ఆ లోయలో ఇరుగుపొరుగు ఒకరింటి రొట్టె ఒకరు తింటారు, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుంటారు. ఒకరు ఇంట్లో నింపిన తూటా మాత్రం ఇంకొకరు తుపాకీలో పెట్టరు. చెయ్యి ఎలాంటిదో ఎవరికి తెలుసు? ఆర్విడ్ తూటాలకి మాత్రమే ఆ పట్టింపు లేదు. కాల్చేసిన ఇత్తడి గుల్లల్లో మళ్ళీ మందు నింపడం ఊళ్ళో సగంమంది పిల్లలు ఆయన గ్యారేజీలోనే నేర్చుకున్నారు. వెండెల్ కూడా ఏడేళ్ళప్పుడు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో, అక్కడి ఆపిల్ పెట్టె మీద నిలబడ్డవాడే.

ఆ గ్యారేజీ బల్ల మీద ఎప్పుడూ ఒకటే మందు డబ్బా ఉండాలి. లేచి వెళ్తే అది కూడా అలమార్లోకి పోవాలి. మందు పోశాక పిల్లలు టార్చితో ప్రతి గుల్లలోకీ తొంగిచూడాలి. బాగుంటేనే గుండు బిగించి, అడుగున గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాలి. "నేను చూశాను" అని అది పిల్లల సంతకం. అన్నిటికన్నా ముఖ్యం, బల్ల దగ్గర ఎవరూ నోరెత్తకూడదు. భోజనం ఎప్పుడని వెండెల్ ఒకసారి అడిగినందుకు, ఆయన పోసిన మందంతా వెనక్కి ఒంపేసి మళ్ళీ మొదటినుంచి చేయించాడు. ఆ పూట భోజనం సాయంత్రానికి జరిగింది.

"ఏమైంది మాస్టారూ?"

"శనివారం పని మధ్యలో ఫోనొచ్చింది. డబ్బా అలమార్లో పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చి పక్కదాన్ని దించాను. పిస్తోలు మందు."

వెండెల్ యాక్సిలరేటరు తొక్కాడు. వేగంగా మండే ఆ మందు రైఫిల్లో పడితే తుపాకీయే పగిలిపోతుంది, కాల్చినవాడి చెంప పక్కనే.

"పదకొండు మంచివి. తర్వాత తొమ్మిది…" ఆర్విడ్ అద్దం మీది ఆవిరి తుడిచాడు. "నా కళ్ళకి శుక్లాలు. పిల్ల చూసింది."

"మందు రవ్వ రంగు వేరుగా ఉంది," అంది మార్నీ, బూట్ల వంక చూస్తూ. "అందుకే చుక్క పెట్టలేదు."

"బద్ధకమనుకున్నాను. నేనే పెట్టేశాను," అన్నాడు ఆర్విడ్.

"మరి చెప్పలేదేమే తల్లీ?" అడిగాడు వెండెల్.

"బల్ల దగ్గర మాట్లాడకూడదుగా."

ఆ తర్వాత పని హడావిడిలో ఎవరూ అడగలేదు. పిల్లా తలుచుకోలేదు. ఈ ఉదయం తండ్రి బయల్దేరాక, అట్టు మీద పాకం పోసుకుంటూ అడిగిందట: "తాతా, ఇప్పుడు మనం బల్ల దగ్గర లేం కదా, ఒకటి చెప్పొచ్చా?"

బాట మొదట్లో డేల్ బండి ఖాళీగా ఉంది. ఆ అడవిలో ఫోన్లు పలకవు. సీటు మీద తూటాల పెట్టె తెరిచే ఉంది. ఇరవై గళ్ళలో అయిదు ఖాళీ. మిగిలిన పదిహేనూ ఆర్విడ్ మార్నీ చేతిలో పెట్టాడు. పిల్ల ఒక్కొక్కటీ తిప్పి అడుగు చూసింది. దాని చుక్కలు ఆవగింజల్లా ఉన్నాయి. తాత వణికే చేతి చుక్కలు అలుక్కుపోయాయి.

"అలికినవి ఆరే ఉన్నాయి తాతా."

అంటే మూడు డేల్ జేబులో ఉన్నాయి, లేదా తుపాకీలో.

వెండెల్ లారీలోకి వంగి హారన్ మీద చెయ్యి వేశాడు. "పిలుద్దాం!"

"తియ్యరా చెయ్యి!" ఆర్విడ్ అరుపుకి కొమ్మ మీది మంచు రాలింది. "అడవిలో హారన్ వినబడితే ఏం చెయ్యమని నేర్పాను నీకు?"

వెండెల్‌కి గుర్తొచ్చింది. చెయ్యి నెమ్మదిగా తీసేశాడు. "గాల్లోకి ఒకటి కాల్చి జవాబివ్వమన్నారు."

"వాడికీ నేనే నేర్పాను."

మంచులో డేల్ అడుగులు పైన్ చెట్ల మధ్యకి తిన్నగా పోయాయి. అంచులు ఇంకా విరగలేదు, వెళ్ళి ఎంతోసేపు కాలేదు. మంచి వేటగాడు, అడుగు సమంగా వేస్తాడు. అది కూడా ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అందరికీ తెలుసు.

"ఆ రోజు నేను అరవాల్సింది కదా తాతా?"

ఆర్విడ్ తన చెవుల టోపీ తీసి పిల్ల తలకి తొడిగి, ముడి వేశాడు. మూడు వేళ్ళ చేత్తో ఆ ముడికి చాలాసేపు పట్టింది.

"మీరుండండి మాస్టారూ, నేను పరిగెత్తుతా," అని వెండెల్ కోటు గుండీలు పెట్టుకుని తలెత్తేసరికి పక్కన మార్నీ ఒక్కతే ఉంది. బట్టతల ముసలాయన అప్పటికే అల్లుడి అడుగుల్లో అడుగులేస్తూ, ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా, చెట్లలోకి వెళ్ళిపోతున్నాడు.