డైరీలో రాసిన దొంగ గుర్తు

పోయిన వారం నెల్లూరులో ఒక పెళ్లిభోజనాల దగ్గర, ఒకప్పుడు నాతో ఒకే బడిలో పనిచేసి, ఒకే గదిలో కాపురమున్న స్నేహితుడు కుర్రవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, సముద్రంలో చేపలుండే చోటు ఎలా పట్టాలో చెబుతున్నాడు. "దక్షిణాన సరుగుడు తోపు కొన ఉప్పు గిడ్డంగి కప్పును తాకాల. ఉత్తరాన గుడి శిఖరం తాటితోపులో మునగాల. ఆడ దించాల గాలం. ఏరా, అంతేనా?" అని నన్ను సాక్ష్యం అడిగాడు. నేను తల ఊపి అన్నంలో మజ్జిగ పోసుకున్నాను.

ఇంటికి రాగానే అరవైల నాటి డైరీల కట్ట దించి చూశాను. ఆ మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి, నా దస్తూరీతోనే.

కోట అనే ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డు పాళెంలో ఉండేది మా బడి. ఉత్తరాలూ అర్జీలూ రాసిపెడతానని చేపలు పట్టే ఒక ముసలి పల్లెకారు ఆదివారాలు నన్ను తన తెప్ప మీద తీసుకెళ్లేవాడు. నీళ్ల కింద ఒక రాతిగట్టు ఉండేది. ఒడ్డు మీది చెట్టూ చేమా, గుడీ గోపురం ఒకదానితో ఒకటి వరుస కలిసేదాకా తెప్పను జరిపి, సరిగ్గా దాని మీద నిలిపేవాడు. అక్కడ గాలం వేస్తే వట్టి చేతులతో వచ్చింది లేదు. ఆ గుర్తు తండ్రి కొడుక్కి చెప్పుకోవలసిందే గాని బయట పొక్కకూడదు. నన్ను నమ్మి చూపించాడు. నేను ఎవరితోనూ అనలేదు, కాని రోజూ రాసే అలవాటు కొద్దీ డైరీలో రాసుకున్నాను.

నా స్నేహితుడు అది చదివి, పక్క పాళెం పడవలను వెంటేసుకుని అక్కడికి వెళ్లాడు. రెండు నెలల్లో గట్టు ఖాళీ అయింది. ఇదేమిటని అడిగితే, "చేపల మీద నీ పేరు రాసుండాదా ఏంది?" అని నవ్వాడు. డైరీ సంగతి చెప్పుకుంటే ముసలాయన మాత్రం నవ్వలేదు. "నోటితో చెప్పలేదులే అయివోరా, కాయితంతో చెప్పినావు" అని అటు తిరిగాడు. మళ్లీ నన్ను తెప్ప ఎక్కించుకోలేదు. ఆ పేజీ చించి పొయ్యిలో వేశాను.

నెల రోజులు ఓపిక పట్టాను. తర్వాత, ముసలాయన నన్ను మన్నించి ఇంకా పెద్ద గట్టు ఒకటి చూపించాడని డైరీలో రాసి, సరుగుడు తోపు, ఉప్పు గిడ్డంగి, తాటితోపు అంటూ గుర్తులు కల్పించి, తలగడ పక్కన వదిలి స్నానానికి వెళ్లాను.

నెల్లూరుకు బదిలీ కోరుతున్న నా స్నేహితుడు మర్నాడే స్కూళ్ల ఇన్‌స్పెక్టరును చేపల వేటకు పిలిచాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు. నేను గొడుగు, ఒక్కడికి సరిపడా మజ్జిగ పట్టుకుని పడవెక్కాను. గుర్తులు కలిసిన చోట పడవవాడు, "ఈడ బురద తప్ప ఏముండాది సార్?" అన్నాడు. "నీకు తెలీదులే, లంగరెయ్యి" అన్నాడు నా స్నేహితుడు. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరుగారి బట్టతల కమిలి ఎర్రబడింది. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. నేను గొడుగు కింద కూర్చుని, ఆయన్ను కాక, పక్కనున్నవాడి ముఖాన్నే చూస్తూ మజ్జిగ తాగాను. పొద్దు వాలేదాకా పడింది రెండు జెల్ల చేపలు. ఒడ్డున గంపలతో నిలబడ్డ ఆడవాళ్లు, "సంద్రంలో నీళ్లన్నా ఉండాయా సార్?" అన్నారు.

నా స్నేహితుడికి బదిలీ వచ్చింది, ఉదయగిరి కొండల్లోకి, సముద్రపు చేప కంటబడని చోటికి. పడవెక్కిన నాటి డైరీలో "ఎండ బాగా కాసింది. సంతోషం" అని మాత్రమే ఉంది. ఇప్పుడు చదివినా ఆ సంతోషం ఇసుమంతైనా తగ్గలేదు.

ముసలాయన పోయాడు. సరుగుడు తోపు రొయ్యల గుంటలైంది. ఈనాటి పడవల్లో యంత్రమే చోటు చూపిస్తుందట. గుర్తు దాచుకోవలసిన పని ఎవరికీ లేదు. ఆ అసలు గుర్తు తలచుకుంటే నాకు సగమే వస్తుంది. రాసుకున్న పేజీ నేనే కాల్చుకున్నాను. నేనెరిగినవాళ్లలో అది మొత్తం తెలిసిన మనిషి ఇప్పుడు నా స్నేహితుడొక్కడే. అడిగితే దాచకుండా చెబుతాడు.

అడగను.