అత్త పొడిచిన పచ్చ

మా మేనత్త పోయింది. మంగళవారం మధ్యాహ్నం బడిలో ఏడో తరగతి పిల్లల చేత బొమ్మలు వేయిస్తుంటే నందిగామ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "వదినా, అమ్మ ఇక లేదు" అని ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపు రాలేదు. జగ్గయ్యపేటలో మంచాన పడ్డంత పనైన నాన్నకూ, నందిగామలో ఆమెకూ మధ్య కొన్ని నెలలుగా బస్సుల్లో తిరిగి తిరిగి ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు. ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను. "చొక్కా అందుకోమ్మా, పోదాం" అన్నారు.

మేము ఎరుకల వాళ్ళం. ఈ మాట తడబడకుండా రాయడానికి మా ఇంట్లో ఇన్నేళ్ళు పట్టింది. మా తాత బుట్టలు అల్లేవాడు. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు మా గుడిసెలకే వచ్చేవారట. మా పుట్టుకనే నేరమన్న పాత చట్టం పోయింది గానీ ఆ అనుమానం పోలేదు. ఒకసారి అలా తీసుకెళితే తాత కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు. మళ్ళీ మామూలు మనిషి కాలేదు. నానమ్మ అప్పటికే లేదు. ఆమె మిగిల్చి వెళ్ళింది వెదురు గొట్టంలో దాచుకున్న పచ్చబొట్టు సూదులు. ఓణీ వయసైనా రాని అత్త ఆ గొట్టం నడుముకు దోపుకుని, వీరులపాడు వైపూ చిల్లకల్లు వైపూ ఊళ్ళు తిరిగి పచ్చలు పొడిచి, తమ్ముణ్ణి చదివించింది. ఆ తమ్ముడే మా నాన్న.

సూది పెట్టే ముందు ఎవరినైనా "నొప్పి ఓర్చుకుంటావా?" అని అడిగేది. ఊఁ అంటేనే పొడిచేది. పెద్దవాళ్ళు ఏ పిల్లనైనా బలవంతాన కూర్చోబెడితే సూదులు గొట్టంలో వేసుకుని లేచిపోయేదట. "అడక్కుండా పెట్టిన గీత మచ్చవుద్ది గానీ బొమ్మవదు" అనేది.

నాన్న హాస్టల్‌కు వెళ్ళే ముందు ఆయన్నీ అలాగే అడిగింది. ఊఁ అన్నాక, నానమ్మ చేటల అంచుకు అల్లే వరసను ఆయన ముంజేతి మీద పొడిచింది. "అమ్మ నీతోనే ఉంటది" అని చెప్పి పంపింది.

నాన్నకు ఉద్యోగం వచ్చి జగ్గయ్యపేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు కులం అడిగితే వేరే కులం పేరు చెప్పారు. కొన్నాళ్ళకు ఆ వీధిలో ఎవరిదో గొలుసు పోయింది. ఇంటావిడ నాన్న చెయ్యి చూస్తూ, "ఈ పచ్చ ఎవరు పొడిచారండీ? ఎరుకల వాళ్ళ అల్లికలా ఉందే" అంది. అంతే, ఆమె మరో మాట అనలేదు. గొలుసు తర్వాత వాళ్ళింట్లోనే దొరికింది కూడా. కానీ ఆ సాయంత్రమే నాన్న సున్నం, చాకలి సోడా కలిపి ఆ పచ్చ మీద రుద్దుకున్నారు. చర్మం ఊడి వచ్చింది. తర్వాతెప్పుడో నేనడిగితే వేణ్ణీళ్ళు పడ్డాయని చెప్పారు. చూడటానికి వచ్చిన అత్తతో, "ఇక్కడికి రాకక్కా, నేనే వస్తాలే" అన్నారట. వెళ్ళింది తక్కువ.

నాకు ఉద్యోగం వచ్చాక అమ్మ ఇదంతా చెప్పింది. ఆ ఆదివారమే నందిగామ వెళ్ళాను. అత్త కాళ్ళు బారజాపుకుని బుట్ట అల్లుతోంది. నన్ను ఎగాదిగా చూసి, "ముక్కు మా అమ్మదే. అన్నం తిన్నావా?" అంది. నాన్నను గురించి ఒక్క నిష్ఠూరం లేదు. నాకూ పచ్చ పొడవమంటే ఒప్పుకోలేదు.

"నీ ఒంటి మీద వద్దు కోడలా. నీకు కుంచె పట్టడం వచ్చు కదా, కాగితం మీద వెయ్యి. ఎవరికీ నొప్పుండదు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె నేల మీద బొగ్గుతో గీసేది, నేను కాగితం మీద వేసుకునేదాన్ని. ఏ గీత ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పేది. తాత సంగతి వస్తే చెయ్యి ఆగిపోయేది. "ఇవాళ్టికి చాల్లే, మనసు అలిసింది" అని పక్కకు తిరిగి పడుకునేది.

ఒకరోజు చేట అంచు బొమ్మ వేసి ఆరడానికి బల్ల మీద పెట్టాను. నాన్న వచ్చి వంగి చూశారు.

"ఇదెక్కడిది?"

"అత్త నేర్పింది నాన్నా."

ఆయన తెలియకుండానే చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు. మర్నాడు పొద్దున, "నందిగామ బస్సు ఎన్నింటికి?" అని అడిగారు.

అత్త ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చొక్కా చెయ్యి మడిచింది. మచ్చను వేళ్ళతో తడిమింది.

"బాగా మండిందారా?"

"మండిందక్కా." నాన్న చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టారు. "మళ్ళీ పొడువు."

"నా చెయ్యి వణుకుతా ఉందిరా, వంకరపోద్ది." నావైపు తిరిగింది. "నువ్వు కుంచెతో వెయ్యి. మచ్చను కప్పకు, చుట్టూ వెయ్యి. అది కూడా వాడిదే కదా."

ఆమె చెబుతూ ఉంటే నేను మా నాన్న చేతి మీద మా నానమ్మ అల్లిక వేశాను. రెండు స్నానాలకే చెరిగిపోయింది. మళ్ళీ వెయ్యమని మరుసటి వారం నాన్నే చెయ్యి చాపారు.

అన్నీ సర్దుకున్నాయని అనను. పోయిన ఏళ్ళ మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె అల్లుతుంటే ఈయన వెదురు బద్దలు అందించేవారు. ఆయాసంతో ఆమె మంచం పట్టాక, ఆయన కాళ్ళు కూడా సహకరించక, నేనే అటూ ఇటూ కబుర్లు మోసేదాన్ని.

ఆ మంగళవారం అత్త ఇంటి ముందు నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆఫీసులో ఆయనతో పనిచేసినాయన ఒకరు నందిగామలోనే ఉంటారు, దారిన పోతూ ఆగారు.

"ఏమండీ, మీరిక్కడ? పోయినావిడ మీకేమవుతారు?"

నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు, లేవలేకపోయారు. "మా అక్కండి. నా తోడబుట్టింది. నన్ను పెంచింది" అన్నారు. ఆ వచ్చినాయన ఏమనుకున్నారో తెలియదు, చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

స్నానం చేయించే వేళకు వీరులపాడు, చిల్లకల్లు వైపుల నుంచి ముసలమ్మలు ఆటోలు దిగారు. చాలామంది ఎవరో మాకు తెలియదు. వరసగా నిలబడి, తలా ఒక చెంబు పసుపునీళ్ళు అత్త మీద పోశారు. ఎండకు నల్లబడి ముడతలు పడ్డ ముంజేతులు. వాటి మీద తేళ్ళు, పూలు, తులసికోటలు, చుక్కల వరసలు, అన్నీ పాతబడి వెలిసిపోయినవే. వంగి నీళ్ళు పోసినప్పుడల్లా ఆ చేతులు తడిశాయి. తడిసిన కాసేపు ఆ గీతలు అప్పుడే పొడిచినంత పచ్చగా కనిపించాయి.