మాడితే మాడనీ

జహీరాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలిని ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె జొన్నరొట్టెలు చేస్తుంటే గట్టు మీద ఫోన్ పెట్టి, ఒకే సింఫనీని ఇద్దరు కండక్టర్లు చేతి సైగలతో తమ వాద్యబృందాల చేత ఎలా వాయింపించారో చూపించేదాన్ని. ఇద్దరిలో వాద్యాలను ఉరుకులు పెట్టించే ఆయన నాకిష్టం; ఎవరు గొప్పని ఖాలాకూ నాకూ రోజూ పోటీ.

"గాయనకు ఏం తొందర బేటీ? బస్సు పోతదా?" అని ఖాలా వెక్కిరించేది.

ఆమె మెచ్చిన ఆయన చివరి ఘట్టానికి ముందు వాద్యాలన్నీ ఆపేసి చాలాసేపు ఊరించేవాడు. అప్పుడు ఖాలా పిండి చెయ్యి కూడా గాల్లో ఆగిపోయేది. పెనం మీద రొట్టె పొగలు కక్కినా తిప్పేది కాదు.

"మాడితే మాడనీ. ఆయన చెయ్యి దించినంకనే నేను దించుత."

ఒకరోజు ఆమె భర్త అన్నానికి కూర్చుని, కంచంలో నల్లబడ్డ రొట్టెను చూసి, నాకేసి తిరిగి నవ్వారు.

"ఇయ్యాల గూడ నువ్వే ఓడినవా బేటీ?"