రొమ్ముకు ఆనించిన కర్ర

నాయిన రొమ్ము నొప్పి అన్న రోజే మా అవ్వ ఆయన కంచం వేరు చేసింది. కంచం వెనకే చెంబు, చాప కొట్టంలోకి పోయాయి. మా తాత క్షయతో దగ్గి దగ్గి పోయాడు. అప్పటి నుంచి ఎవరు రొమ్ము పట్టుకున్నా అవ్వ కంటికి అదే రోగం.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కొల్లాపూర్ దగ్గర మా ఊరు, గొర్లే మా బతుకు. పొద్దుగూకి మంద దొడ్డి చేరగానే నాయిన గొంగడిలో దూరడం నా హక్కనుకునేదాన్ని.

"దగ్గరికి పోకే పోరీ, నీకు గూడ అంటుకుంటది" అని అవ్వ నా జబ్బ పట్టి లాగేది. నాకు ఒళ్లు మండిపోయేది. నాయిన కొట్టంలో ఒక్కడే కూర్చుని జొన్న గట్క తింటుంటే అరుగు మీద నుంచి చూసేదాన్ని. ఆయన నన్ను చూసి నవ్వబోయేవాడు. నవ్వితే కూడా నొప్పే.

రొమ్ము నడుమ, కాస్త ఎడమకు, రేగుపండంత వాపు. మా వాళ్లు నొప్పి అంటే చాలు ఇనుము కాలుస్తారు, గొర్రెకైనా మనిషికైనా. ఆయనకూ రెండు వాతలు పెట్టారు. వాతలు మానాయి, వాపు మాత్రం కదల్లేదు.

"దగ్గు లేదు, జరం లేదు, గిదేం క్షయ అత్తా?" అని అమ్మ మొండికేసింది. నాయినను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయింది. నేను ఏడ్చి మరీ బస్సెక్కాను.

అక్కడ ఎక్సరే తీశారు, తెమడ పరీక్ష చేశారు. ఏమీ కనపడలేదు. డాక్టరు వాపు మీద వేలు పెట్టి నొక్కితే నాయిన కెవ్వుమన్నాడు.

"రోజంత ఏం పని జేస్తవ్?"

"గొర్లు కాస్త సారూ. పనేముంది, నిలబడుడే."

"ఎట్ల నిలబడ్తవో చూపెట్టు."

నాయిన తలుపు పక్కనున్న తన కర్ర తెచ్చుకున్నాడు. ఒక కాలు మడిచి, కర్ర కొన రొమ్ముకు ఆనించి, బరువంతా దాని మీద వేశాడు. మా కాపరులంతా నిలబడేది అట్లాగే. కొన సరిగ్గా వాపు మీద కూర్చుంది. నాయిన ముఖం చిట్లించాడు.

"ఇన్నేండ్ల సంది నిన్ను నువ్వే పొడుచుకుంటున్నవ్" అన్నాడు డాక్టరు. "పక్కటెముక అతుకు కాడ వాచింది. క్షయ గాదు, గుండె గాదు, ఎవ్వరికీ అంటదు. కట్టె మీద ఒరుగుడు బంజెయ్."

ఇంటికొచ్చి అమ్మ ఆ మాటలన్నీ చెప్పింది. అవ్వ లేచింది. కొట్టంలోకి పోయి నాయిన కంచం తెచ్చింది. అందులో గట్క పోసి, ఆయన పక్కన కూర్చుని, మొదటి ముద్ద తనే తిన్నది. నేనప్పటికే గొంగడిలో దూరాను.

"మీ తాత కంచం గిట్లనే బయట వెట్టిన. అది మల్ల లోపటికి రాలే" అన్నది అవ్వ.

గొంగడిలోంచి చెయ్యి చాపి ఆమె కొంగు పట్టుకున్నాను.