అక్క కుట్టిన గళ్ళు

ఆవిడను వీధిలో అందరూ గళ్ళ పిన్ని అనే పిలిచేవారు. చొక్కాలూ గౌన్లూ ఎవరైనా కుడతారు. రంగురంగుల పీలికలతో చదరపు గళ్ళు కుట్టి, వాటిని కలిపి బొంత చేయడం మాత్రం ఆవిడకే చెల్లింది. కొట్టంటే పెద్ద హంగేమీ లేదు. ఇంటి ముందుగది, కిటికీ పక్కన మిషను, గోడ పొడవునా ఒక బల్ల. ఆ బల్ల మీద ఎంత చిక్కుపని పడేసినా "అదెంతసేపు!" అనేది. అని ఊరుకోకుండా చేసి చూపించేది కాబట్టి ఆవిడ గొప్పలు ఎవరికీ గొప్పల్లా అనిపించేవి కావు.

అంతటి మనిషీ అక్క పోయాక మిషను మీద గుడ్డ కప్పేసి కూర్చుంది. ఆ గుడ్డ తీయించింది అక్క కూతురే. ఓ మధ్యాహ్నం సంచీ మోసుకొచ్చి బల్ల మీద బోర్లించింది. నక్షత్రాల్లాంటి చుక్కలు, గాలిపంకాలు, మెట్లు. అక్కాచెల్లెళ్ళకు వాళ్ళమ్మ నేర్పిన పాత నమూనాలన్నీ అక్క చేతి గళ్ళై కుప్పగా పడ్డాయి.

"అమ్మ నాకోసం కుట్టిపెట్టింది పిన్నీ. నువ్వు కలిపి బొంత చెయ్యాలి. కానీ అమ్మ కుట్టినదాన్ని కొయ్యొద్దు, విప్పొద్దు."

"నాకు చెప్తున్నావుటే! అదెంతసేపు!"

అమ్మాయి వెళ్ళగానే గళ్ళను వరసగా పేర్చింది. మొదటి వరస కుదిరింది. రెండో వరసలో చుక్కొకటి పక్కనున్న గడికి అందలేదు. మరో చుక్క పెట్టింది, అదీ పొట్టిదే. గాలిపంకా కొంచెం నయం. కుప్పంతా కొలిచి చూస్తే సగం గళ్ళు సరిగ్గా ఉన్నాయి, సగం తక్కువయ్యాయి.

మర్నాడు అమ్మాయి రాగానే కడుపులో ఉన్నది కక్కేసింది. "మీ అమ్మకి ఆఖర్లో పని మీద ధ్యాస తప్పిందే. ఒకటి బారెడు, ఒకటి మూరెడు! పెద్దవాటి చుట్టూ కాస్త కత్తిరిస్తే తప్ప కలవవు."

అమ్మాయి మొహం మాడిపోయింది. "కొయ్యనంటేనే ఇచ్చాను. చేతకాకపోతే సంచీ ఇచ్చెయ్."

చేతకాకపోవడమా! ఆ మాట ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనలేదు. "సంచీ ముట్టుకున్నావంటే చూడు!" అని కసిరింది. అమ్మాయి వెళ్ళాక ఒక పెద్ద చుక్కనూ ఒక చిన్న చుక్కనూ తిరగేసి పక్కపక్కన పెట్టి కూర్చుంది. ముక్కలు కత్తిరించడంలో తేడా లేదు. కుట్లు రెండిట్లోనూ తాడు లాగినట్టు ఉన్నాయి. వెనక కుట్టుకు వదిలిన అంచు మాత్రం చిన్నదానిలో వెడల్పుగా ఉంది, అదీ అన్ని కుట్లలో ఒకే తీరుగా. ధ్యాస తప్పిన చెయ్యి ఇంత వరసగా ఎలా తప్పుతుంది?

ఆ చుక్క చేత్తో పట్టుకుని నేరుగా అక్క ఇంటికి నడిచింది. బావ తలుపు తీశాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి.

"ఏం మరదలా, చెప్పులు వేరేవేరేవి వేసుకొచ్చావ్?"

"నా కాళ్ళ సంగతి తర్వాత బావా. అక్క తొక్కుడు మిషను అమ్మేసి కరెంటుది కొన్నారుగా, అదేదీ?"

మిషను ముందు కూర్చుని, సూది కింద గుడ్డను నొక్కిపట్టే పాదాన్ని దించి, దాని అంచుకి గుడ్డ అంచు ఆనించింది. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అదే: గుడ్డ అంచు పాదం అంచుని వదలకూడదు, టేపుతో పనే ఉండదు. అక్క జీవితాంతం వదల్లేదు. కొత్త మిషను పాదమే వెడల్పు. ప్రతి కుట్టూ ఒక గీత గుడ్డను మింగింది. చుక్కకి కుట్లెక్కువ గనక ఎక్కువ తగ్గింది, గాలిపంకాకి తక్కువ గనక తక్కువ తగ్గింది.

"ధ్యాస తప్పిందంటానా! మా అక్క మహాతల్లి, గీత దాటలేదు బావా!" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే, "పాత మెత్తని గుడ్డలేమైనా ఉన్నాయా? చిన్న గళ్ళ చుట్టూ పట్టీలు వేసి పెద్దవాటికి సమానం చేస్తాను" అంది.

బావ బీరువాలోంచి డ్యూటీ నీలం చొక్కాలు తెచ్చాడు. "బొత్తాం కుట్టవే అంటే రేపు రేపంటూ నా సర్వీసంతా గడిపేసింది మీ అక్క. ఇప్పుడేమో చొక్కాలే పోయి ఆవిడ చుట్టూ తిరగాలి!"

"తిరక్క ఏం చేస్తావు బావా, అలవాటైన పనేగా?"

చొక్కాలు పట్టీలయ్యాయి. చుక్కలకు వెడల్పువి, మెట్లకు సన్ననివి, గాలిపంకాలకు మరీ సన్ననివి. గడి గడికీ కొలిచి వేసింది గనక అన్నీ ఒక్క కొలతకొచ్చాయి. వరసలు కలిసిన కొద్దీ బల్ల చాలక బొంత నేల మీదికి జారింది. పెద్ద గళ్ళ మధ్య నీలం చట్రాల్లో చిన్న గళ్ళు, కావాలని వేసినట్టే కుదిరాయి. తనే దూరం జరిగి చూసుకుని, "బావుందే!" అనుకుంది పైకే.

బొంత పైపొర పూర్తయ్యాక తండ్రినీ కూతుర్నీ పిలిపించింది. అమ్మాయి ముభావంగానే వచ్చింది. గళ్ళ పిన్ని బొంతను తిరగేసి నేల మీద పరిచింది.

"చూసుకో. మీ అమ్మ వేసిన కుట్టు ఒక్కటైనా తెగిందేమో చూడు. ఇవి పాత మిషనువి, ఇవి కొత్తవి. అంచు వెడల్పు చూస్తే నీకే తెలుస్తుంది. మీ అమ్మ పనిలో వంక పెట్టిన నోరు నాది, అదొక్కటే తప్పు ఇక్కడ."

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కుట్టునూ వేలితో తడుముతూ పోయింది. బావ కళ్ళజోడు సర్దుకుని కూతురి వెనకే వంగాడు.

"దీని మీద దూది పరిచి అస్తరు వేస్తే ఈ వైపు ఇక ఎవరికీ కనిపించదు" అంది ఆవిడ. "అందుకే పిలిచాను. తనివితీరా చూసుకోండి, నాకేం తొందర లేదు."

వాళ్ళు చివరి వరస దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చారు. కిటికీలోంచి ఎండ గోడెక్కింది. అమ్మాయి లేచి, పరిచిన బొంత కొస పట్టుకుని పిన్ని చేతికి అందించింది.

"అస్తరు వెయ్యి పిన్నీ."