పొయ్యి మీది కాసెట్టు

చండ్రుగొండ బడిలో వంట చేసే విశ్రాంతమ్మకు వస్తువులు దాచడం ఎవరూ నేర్పనక్కర్లేదు. విత్తనాల మొక్కజొన్న కంకులను ఇంట్లో పొయ్యి పైన, పొగ తగిలేచోట వేలాడదీస్తుంది. పురుగన్నది వాటిని ముట్టలేదు. కూతురు మహిమ మొదటి పుట్టినరోజు వీడియో కాసెట్టునూ ఆ కంకుల పక్కనే సంచిలో కట్టి వేలాడదీసింది. ఇంకెక్కడ పెడుతుంది మరి! పాతికేళ్లు అది అక్కడే ఉంది.

ఆ వీడియో తీసిన ఏడాదికే భర్త స్తెఫను జ్వరంతో పోయాడు. ఫొటోలో ముఖం ఉంది గానీ, గొంతు ఎక్కడుంది? మహిమకు ఆ గొంతు అసలే తెలియదు. విశ్రాంతమ్మకూ ఈమధ్య గుర్తుకు రావడం మానేసింది. ఆ సంగతి ఆమెను లోలోపల తినేస్తోంది. కాసెట్టును అప్పట్లో ఒక్కసారే చూశారు, కిరాయికి తెచ్చిన వీడియో డెక్కులో, ఇంటినిండా జనంతో. మనిషే పక్కన కూర్చుని ఉంటే టేపులో గొంతును ఎవరు పట్టించుకుంటారు?

చివరికి తల్లీకూతుళ్లు కల్లూరు వెళ్లారు. అక్కడ అనిల్‌కుమార్ పాత కాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు. అతను కాసెట్టును వాసన చూశాడు.

“ఏందమ్మా, దీనికి పొగబెట్టినవా?”

“గింజకు పట్టని పురుగు దీనికెట్ల పడ్తది బిడ్డా?”

పురుగు పట్టలేదు, నిజమే. వేడికి కాసెట్టు పెట్టె మాత్రం వంకరపోయింది. అనిల్‌కుమార్ గొణుక్కుంటూనే టేపును విప్పి, తుడిచి, వేరే పెట్టెలోకి చుట్టాడు. వారం పోయాక పిలిచి చూపించాడు. తెర మీద గీతలు గీతలుగా బొమ్మ వచ్చింది. కేకు ముందు చంటి మహిమ. స్తెఫను ఇటు తిరిగి ఏదో అన్నాడు. వినిపించింది మాత్రం పాట. మొదటి నుంచి చివరిదాకా పాటే. ఆ రోజుల్లో వీడియో అంటే పాటలు వేయించాల్సిందే. స్తెఫనే దగ్గరుండి మరీ వేయించాడు.

విశ్రాంతమ్మ కంగారుపడలేదు. “ఆ పాట తీసెయ్ బిడ్డా. కింద ఆయన మాటుంటది.” దుప్పటి లాగితే పడుకున్న మనిషి కనబడతాడు కదా, ఇదీ అంతే అనుకుంది.

“కింద ఏం లేదమ్మా. పాటేసిననాడే మాట పోయింది.”

విశ్రాంతమ్మ తెరకు దగ్గరగా జరిగింది. పాట వినబడకుండా చేయించి, ఆ ముక్కనే మళ్లీ వేయించింది. స్తెఫను పెదవులు కదిలాయి.

“నాయిన ఏమంటుండు?” అంది మహిమ.

“‘ఇస్రాంతీ, పిల్లకు ఉక్కపోస్తుంది, టోపీ తీసెయ్’ అంటుండు.”

మరిచిపోయాననుకున్న గొంతు ఆ పెదవులను చూడగానే గుర్తొచ్చి, వాటి కదలికకు సరిగ్గా, ఆయన సాగదీసినట్టే సాగదీసి చెప్పింది. మహిమ తెర వదిలి తల్లి వైపు చూసింది.

“బొమ్మ ఉంటే సాలు బిడ్డా,” అంది విశ్రాంతమ్మ అనిల్‌కుమార్‌తో. “మాటదేముంది, నేను చెప్త.”

“మరి నువ్వు లేనప్పుడు?” అంది మహిమ.

మహిమ ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి, తల్లి నోటి దగ్గర పెట్టింది.

“మళ్ల చెప్పమ్మా. నాయిన అన్నట్టే.”